మనోజ్ఞ అప్పజెప్పిన చేపలు

ప్రవళిక పొద్దున్నే లేచి ముందుగదిలో లైటు వేసేసరికి చేపల తొట్టిలో నీళ్లు మళ్లీ కుడితిలా ఉన్నాయి. మొన్న సాయంత్రమే తొట్టి మొత్తం ఖాళీ చేసి, గులకరాళ్లను రుద్ది కడిగి, కొత్త నీళ్లు పోసింది. రెండు రోజులు కూడా ఆగలేదు. అద్దానికి ముఖం ఆనించి చాలాసేపు చూస్తే గానీ నాలుగు చేపలూ బతికే ఉన్నాయని నమ్మకం కుదరలేదు.

"మల్ల గట్లనే అయినయ్," అంది విసుగ్గా.

భర్త గోవర్ధన్ గడప దగ్గర బూట్లు తొడుక్కుంటున్నాడు. అజీజ్‌నగర్ వైపు ఫామ్‌హౌసుల్లో, రిసార్టుల్లో స్విమ్మింగ్ పూల్స్ శుభ్రం చేసే పని అతనిది. పదేళ్లుగా అదే పని. అతను చేయి పెట్టిన పూల్‌లో అడుగున పలకల మధ్య గీతలు కూడా లెక్కపెట్టుకోవచ్చని ఓనర్లు చెప్పుకుంటారు.

"ఊరందరి నీళ్లు తేట చేస్తున్న. మనింట్ల రెండడుగుల తొట్టి మాత్రం నా మాట వింటలేదు," అని నవ్వాడు. "పూల్ మందు ఏద్దామంటే చేపలు చస్తయాయె."

"నువ్వు పో బిడ్డా, నీకు షాపుకు టైమైతది. నీళ్ల సంగతి నేను చూస్త," అన్నాడు మామ శివయ్య ఆమెతో, తువ్వాలు భుజాన వేసుకుని ఇవతలికి వస్తూ.

ఆ తొట్టి వాళ్ల కూతురు మనోజ్ఞది. పోయినేడు పుట్టినరోజుకు పట్టుబట్టి కొనిపించుకుంది. రెండు గోల్డ్‌ఫిష్‌లు, రెండు నల్ల మోలీలు, రెండు గప్పీలు. జూన్‌లో ఆ పిల్లకు చేవెళ్ల గురుకులంలో అయిదో తరగతి సీటు వచ్చింది. ఆదివారం ఆదివారం హాస్టల్ నుంచి ఫోన్ చేస్తే అమ్మ ఎట్లున్నది, నాన్న ఎట్లున్నడు అని అడగకముందే "నా చేపలు ఎట్లున్నయ్?" అంటుంది. జూలైలో గప్పీలు రెండూ చచ్చిపోయిన సంగతి ఆ పిల్లకు చెప్పడానికి ఇంట్లో ఎవరికీ నోరు రాలేదు.

వంటింట్లోంచి అత్త అంతమ్మ చాయ్ గ్లాసు పట్టుకొచ్చి శివయ్య చేతిలో పెట్టింది. ఆయన తాగాడు. ప్రవళిక జడ వేసుకుని, టిఫిన్ డబ్బా సర్దుకుని వచ్చేసరికి అంతమ్మ మరో గ్లాసుతో వచ్చింది.

"మామ ఇప్పుడే తాగిండు గద అత్తమ్మా," అంది ప్రవళిక.

"నేనే ఇంకోటి తెమ్మన్న," అన్నాడు శివయ్య వెంటనే, గ్లాసు అందుకుంటూ. "గొంతు గరగర అంటున్నది."

ప్రవళిక షేర్ ఆటో కోసం పరుగు తీసింది.

ఆమె మొయినాబాద్‌లో ఒక మెడికల్ షాపులో పని చేస్తుంది. అదే వరుసలో చివరన సాయిచంద్ చేపల దుకాణం. మధ్యాహ్నం తిన్నాక అక్కడికి వెళ్లి గోడు చెప్పుకుంది.

"నీళ్లు మొత్తం మారుస్తున్నరా అక్కా? గదే తప్పు," అన్నాడు సాయిచంద్. "నీళ్లల్ల కండ్లకు కనపడని మంచి పురుగు ఉంటది. చేపల మురికిని అది తింటది. మొత్తం కడిగేస్తే అది పోతది, మల్ల మొదటికొస్తది. వారానికొకసారి పావు వంతు తియ్యుండ్రి, అంతే. పోసే నీళ్లను ముందు రోజే బకెట్లో పట్టి పెట్టుండ్రి, మందు వాసన పోతది. ఫిల్టర్ స్పాంజిని నల్లా కింద కడగకుండ్రి, తొట్టిలకెల్లి తీసిన నీళ్లల్లనే పిండుండ్రి."

"మరి రెండు రోజులకే తెల్లగెందుకైతున్నయ్?"

"మేత ఎక్కువైతున్నది. రోజుకెన్నిసార్లు ఏస్తరు?"

"ఒక్కసారే. పొద్దుగాల మా అత్తమ్మ ఏస్తది."

సాయిచంద్ తల అడ్డంగా ఊపాడు. "ఒక్కసారికి గిట్ల కాదక్కా. మీరు మేత డబ్బా తీస్కపోయి ఎన్ని దినాలైంది?"

ప్రవళిక ఆలోచించింది. పదిరోజులు కూడా కాలేదు. పొద్దున చూస్తే డబ్బాలో అడుగున కొద్దిగా ఉంది. "ఆ డబ్బా రెండు నెలలు రావాలె," అన్నాడు సాయిచంద్.

సాయంత్రం ఇంటికి రాగానే అడిగింది. అంతమ్మ ముఖం చిన్నబోయింది.

"పొద్దుగాల ఒక్కసారి, చిటికెడే ఏసిన. నాకు ఆ మాత్రం తెల్వదా? నా మనవరాలి చేపలను నేను ఆగం చేసుకుంటనా?"

"నేను గట్ల అన్లేదత్తమ్మా. డబ్బా ఎందుకు గిట్ల అయిపోతున్నదో అడిగిన, అంతే."

"అడుగుడు గాదు, అనుమానపడుడే," అని అంతమ్మ చీర చెంగు నడుముకు దోపుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. ప్రవళికకు బాధేసింది. మనోజ్ఞ పుట్టిన మూడో నెల నుంచి పిల్లను ఆమె చేతుల్లో పెట్టి తను పనికి వెళ్లింది. జ్వరాలకు మేలుకున్నదీ, నడక నేర్పిందీ ఆ చేతులే. ఆ మనిషి అబద్ధమాడదు. అయినా డబ్బా తీసి బీరువాలో పెట్టి తాళం వేసింది. పొద్దున తనే చిటికెడు వేసి వెళ్లొచ్చనుకుంది.

అది గురువారం. శనివారం సాయంత్రం ఆమె వచ్చేసరికి తొట్టి అడుగున గులకరాళ్ల మధ్య అన్నం మెతుకులు కనపడ్డాయి. కొన్ని ఇంకా ఉబ్బను కూడా లేదు. నీళ్లు ముద్దకట్టినట్టు తెల్లగా ఉన్నాయి. ఒక గోల్డ్‌ఫిష్ పక్కకు తిరిగి పైన తేలుతోంది. నెత్తి మీద ఎర్ర టోపీలాంటి మచ్చ ఉన్నదే అది. మనోజ్ఞకు అన్నిట్లో అదంటేనే ప్రాణం.

కాసేపటికి శివయ్య భుజాన సంచితో లోపలికి వచ్చాడు. పొద్దున్నే మొదటి ఆటోకు ఎంకపల్లిలో ఉన్న చెల్లెలు రాధమ్మ ఇంటికి వెళ్లి, ఇప్పుడే తిరిగి వస్తున్నాడు. ఆయన వెనకే గోవర్ధన్ బండి ఆగింది.

గోవర్ధన్‌కు ఆ రోజంతా చెడ్డగా గడిచింది. పూల్‌లో ఒక్క ఆకు తేలుతోందని ఒక ఓనర్ పదిమంది ముందు మాటలన్నాడు. ఆ చిరాకుతో వచ్చినవాడికి ఎదురుగా చచ్చిన చేప కనపడింది.

"అన్నం ఎవరేసిండ్రు?" అన్నాడు.

వంగి, గులకరాళ్ల మధ్య మెతుకులను వేలితో చూపించాడు.

"అడుగుతున్న గద. నీళ్లల్ల అన్నం ఎవరేసిండ్రు? అవ్వా?"

"నాకు తెల్వదు కొడుకా," అంది అంతమ్మ. ఆమె గొంతు వింటే నిజంగానే ఏమీ తెలియదనిపించింది. కానీ చేతివేళ్లు చెంగును మెలిపెడుతున్నాయి.

"నేనే ఏసిన," అన్నాడు శివయ్య.

గోవర్ధన్ తండ్రి వైపు తిరిగాడు. "ఏమయ్యింది బాపూ నీకు? చేపలకు ఎవరన్న అన్నం పెడతరా? ఎన్నిసార్లు చెప్పాలె? ఇంటికాడ కూసున్నోనివి, ఆ నాలుగు చేపలను సక్కగ చూసుడు చాతకాదా? రేపు బిడ్డ ఫోన్ చేస్తే ఏం చెప్పాలె? మీ తాత చంపిండని చెప్పాల్నా?"

శివయ్య తల వంచుకుని నిలబడ్డాడు. భుజానికి సంచి ఇంకా వేలాడుతూనే ఉంది, కోపంలో గోవర్ధన్ అది గమనించలేదు. ప్రవళిక ఆ సంచి వంక చూసింది. పొద్దున్నుంచీ ఎంకపల్లిలో ఉన్న మనిషి ఇక్కడ అన్నం ఎట్లా వేశాడు? నోరు తెరవబోయింది. సరిగ్గా అప్పుడే శివయ్య తలెత్తి ఆమెను చూశాడు. వద్దు బిడ్డా అని ఆ చూపు బతిమాలుతోంది. ఆమె ఆ మాట అనకుండా ఆయన భుజం మీది సంచి అందుకుంది.

"ముసలి మనిషిని గట్ల అంటవేందిరా?" అని అంతమ్మ ఏడుపు గొంతుతో కొడుకు చేయి పట్టుకుంది. గోవర్ధన్ ఆ చేయి విడిపించుకుని, చచ్చిన చేపను కాగితంలో చుట్టుకుని పెరట్లోకి వెళ్లాడు. ఆ పూట ఎవరూ సరిగా తినలేదు.

ఆదివారం మనోజ్ఞ ఫోన్ చేసింది. "ఎర్రటోపీది ఎట్లున్నది మమ్మీ?" అని అడిగింది. ప్రవళిక బాగుందని చెప్పి, ఇంకేమీ అనలేక ఫోన్ అత్త చేతికిచ్చింది.

"రోజు మేత ఏస్తున్న బిడ్డా," అంది అంతమ్మ మురిపెంగా. "నువ్వు నాకు అప్పజెప్పి పోయినవ్ గద. మర్శిపోలే."

సోమవారం ప్రవళికకు పని మీద మనసు నిలవలేదు. మధ్యాహ్నం షాపు ఓనరును అడిగి ఆటో ఎక్కింది. తమ ఊరు హిమాయత్‌నగర్‌లో దిగి, చప్పుడు కాకుండా గేటు తీసుకుని కిటికీ దగ్గర ఆగింది. దొంగను పట్టుకోవడానికి వచ్చినట్టు తనకే సిగ్గనిపించింది.

లోపల అంతమ్మ గుప్పిట్లో కొన్ని మెతుకులు పట్టుకుని తొట్టి ముందు నిలబడి ఉంది.

"ఆకలైతున్నదా మీకు? పొద్దుగాల కెల్లి ఎవ్వలు ఏమేసినట్టు లేదు. తినుండ్రి, తినుండ్రి. మీ పిల్ల వచ్చేదాక మీ పూచి నాదే."

మెతుకులు జారవిడిచి, చేయి తుడుచుకుని, వెళ్లి మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలు వలవడం మొదలుపెట్టింది. కాసేపటికి తలెత్తి తొట్టి వైపు చూసింది. ఏదో గుర్తొచ్చినట్టు గబగబా లేచింది. వంటింట్లోకి వెళ్లి వచ్చింది. గుప్పిట్లో మళ్లీ మెతుకులు.

"ఆకలైతున్నదా మీకు? పొద్దుగాల కెల్లి ఎవ్వలు ఏమేసినట్టు లేదు."

అవే మాటలు. అదే ప్రేమ. ఇంతకుముందు ఆ మాట అన్నానన్న జాడ ఆమె ముఖంలో ఎక్కడా లేదు. ప్రవళిక కిటికీ ఊచ గట్టిగా పట్టుకుంది.

అంతమ్మ మళ్లీ వంటింట్లోకి వెళ్లగానే పెరటి తలుపులోంచి శివయ్య వచ్చాడు. ఒక చేతిలో చాయ్ వడపోసే జల్లెడ, ఇంకో చేతిలో గిన్నె. తొట్టి మీద వంగి, చేపలు బెదరకుండా ఒక్కొక్క మెతుకునే ఏరి గిన్నెలో వేసుకున్నాడు. ఆ పని ఆయనకు బాగా అలవాటైనట్టే ఉంది. తల తిప్పేసరికి కిటికీలో కోడలు కనపడింది.

ఇద్దరూ పెరట్లో బాదం చెట్టు పక్కన అరుగు మీద కూర్చున్నారు. శివయ్య గిన్నెలోని మెతుకులను చెట్టు మొదట్లో పారబోశాడు.

"ఎన్ని దినాల సంది మామా?" అంది ప్రవళిక.

"ఏడాదైతున్నది బిడ్డా. మొదలు కూరల ఉప్పు రెండుసార్లు పడేది. మీ పళ్లాలల్లకు రాకముందే నేను ఇంత నీళ్లు పోసి మరిగిచ్చేటోన్ని. ఒకసారి అంగడికి పోయి ఇంటి దోవ యాదికి రాక మసీదు కాడ నిలవడ్డది. నేను ఎతుక్కుంట పోయి తెచ్చిన. మీకు చెప్పలే."

"ఎందుకు చెప్పలేదు? నేను మందుల షాపులనే పని చేస్తున్న గద."

"చెప్తే ఏమైతుండె? పొయ్యి కాడికి రానియ్యరు. బయటికి పోనియ్యరు. వాడకట్టోళ్లు పిచ్చిదంటరు. ఈ ఇల్లు నడిపిన మనిషి ఒక మూలకు కూసుంటే నేను చూడలేను బిడ్డా." తువ్వాలుతో కళ్లొత్తుకున్నాడు. "చేపలల్ల మాత్రం నాతోని కాలే. నేను ఏరినకొద్ది ఏస్తనే ఉంటది. శనివారం నేను ఇంటి కాడ లేకపోతి. గందుకే అది సచ్చిపోయింది."

"చెయ్యని తప్పుకు మాటలు పడ్డరు గద మామా."

"నన్నంటే నేను రెండు దినాలకు మర్శిపోత. ఆమెనంటే, అన్న మాట మర్శిపోతది గని బాధ మాత్రం పోదు. ఎందుకు బాధైతున్నదో తెల్వక దినమంత కుములుతది. గది నేను చూసిన."

ప్రవళికకు ఏడుపు ఆగలేదు. ఇన్నాళ్లూ ఒకే ఇంట్లో ఉండి, ఒకే కూర తింటూ, తనకెందుకు కనపడలేదు? ఆయన రెండో గ్లాసు చాయ్ అందుకున్న ప్రతి పొద్దూ గుర్తొచ్చింది.

గోవర్ధన్ అయిదింటికి వచ్చాడు. ఆమె గేటు దగ్గరే ఆపి అంతా చెప్పింది. అతను బండి స్టాండు కూడా వేయకుండా దాని మీదే కూర్చుని విన్నాడు. తర్వాత తిన్నగా పెరట్లోకి వెళ్లి, తండ్రి ముందు గొంతుక్కూర్చున్నాడు.

"బాపూ, నేను..." అని ఆగిపోయాడు.

"ఊకో రా," అన్నాడు శివయ్య, కొడుకు భుజం మీద చేయి వేసి. "నీ మాటలకు నేనేం కరిగిపోను."

ఇద్దరూ వెక్కివెక్కి ఏడ్చారు. ఆ చప్పుడుకు అంతమ్మ గుమ్మంలోకి వచ్చి ముగ్గురి ముఖాలూ చూసింది.

"ఏమైంది? ఎవరికేమైంది?"

శివయ్య అలవాటు కొద్దీ "ఏం కాలే" అనబోయాడు. ప్రవళిక ఆయన్ని ఆపి, అత్తను తీసుకొచ్చి అరుగు మీద కూర్చోబెట్టి, రెండు చేతులూ పట్టుకుంది. దాచితే ఇంకో ఏడాది ఇట్లాగే గడుస్తుందని ఆమెకు తెలుసు.

"అత్తమ్మా, నీకు కొన్ని సంగతులు మర్పుకు వస్తున్నయ్. చేపలకు ఏసినది యాదికుంటలేదు. మల్ల ఏస్తున్నవ్. ఇది జబ్బు, నీ తప్పు కాదు. దవాఖానకు పోదాం."

అంతమ్మ తొట్టి ఉన్న గది వైపు చూసింది.

"అయితే ఆ చేపలను సంపింది నేనేనా?"

ఆమె నెమ్మదిగా తల తిప్పి మొగుణ్ని చూసింది.

"నాకు అనుమానం ఉండె. నలభై అయిదేండ్లల్ల నువ్వు రెండో చాయ్ ఎన్నడన్న అడిగినవా? గీ నడుమ రోజు తాగుతున్నవ్. నేనే మర్శిపోయి ఇస్తున్ననని నీ మొఖం చూస్తే తెలుస్తుండె. నువ్వు రంది పడతవని నేను ఊకున్న."

ఏడాదిగా ఆమెకు తెలియకూడదని ఆయన, ఆయనకు తెలియకూడదని ఆమె. ఆ చాయ్ ఆయన రోజూ ఎట్లా తాగాడో, ఆమె ఎట్లా చూసిందో. ఆయన చేయి చాచి భార్య నెరిసిన జుట్టు సర్దాడు. కొడుకూ కోడలూ చూస్తున్నారన్న సిగ్గు కూడా లేకుండా ఆమె ఆయన భుజం మీద తల ఆనించి ఏడ్చింది.

ఆ వారమే చేవెళ్ల దవాఖానకు వెళ్లారు. అక్కడి డాక్టరమ్మ రక్తపరీక్షలు రాసి, పట్నంలో పెద్ద డాక్టరుకు చూపించుకోమంది. పోయిన జ్ఞాపకం మొత్తం తిరిగి రాదనీ, పోయేదాన్ని మాత్రం కొంత నెమ్మది చేయవచ్చనీ పట్నంలో ఆ డాక్టరు చెప్పాడు. పొయ్యి దగ్గరికి రానివ్వకపోవడం లాంటివి చేయొద్దని, పక్కన ఒక మనిషి ఉంటే చాలని కూడా అన్నాడు. ఆ మాటకు శివయ్య ముఖం తేటపడింది.

ప్రవళిక షాపు నుంచి ఏడు గదులున్న మాత్రల డబ్బా ఒకటి తెచ్చింది. అందులో మాత్రలకు బదులు చేపల మేత పోసింది, గదికి ఒక చిటికెడు. ప్రతి మూత మీద వారం పేరు తెలుగులో పెద్దక్షరాలతో రాసింది. గది ఖాళీగా ఉంటే ఆ రోజు మేత పడ్డట్టే. అన్నం గిన్నె ఎత్తున అల్మారలోకి వెళ్లింది. బీరువా తాళం మాత్రం తీసేసింది. మేత వేసే పని అంతమ్మదే.

మొదటి రోజుల్లో అంతమ్మ నాలుగైదుసార్లు తొట్టి దగ్గరికి వచ్చేది. డబ్బా తెరిచి, ఖాళీ గదిని వేలితో తడిమి, నమ్మకం చాలక మొగుణ్ని పిలిచేది.

"నేను ఏసిన్నా?"

"ఏసినవ్. నేను చూసిన."

ఆయన నోట వచ్చేది ఇప్పుడు నిజమే కాబట్టి ఆమె నమ్మి వెనక్కి తిరిగేది.

గోవర్ధన్ సాయిచంద్ చెప్పినట్టే చేశాడు. ఆదివారం ఆదివారం సన్న పైపుతో అడుగు మురికి లాగి, పావు వంతు నీళ్లు మాత్రమే తీసేవాడు. తండ్రి బకెట్ పట్టుకునేవాడు. ముందు రోజు పట్టి ఉంచిన నీళ్లు నిమ్మళంగా పోసేవాళ్లు. పూల్స్‌కు మందులు కలిపే అతని చేయికి ఇది కొత్త. ఇక్కడ ఓపిక పట్టడం తప్ప చేసేదేమీ లేదు. మొదటి వారం తెలుపు తగ్గలేదు. రెండో వారం పలచబడింది. మూడో వారం ఒక పొద్దున ప్రవళిక లైటు వేస్తే, తొట్టి వెనక గోడ మీది క్యాలెండర్ అంకెలు నీళ్లలోంచి కనపడ్డాయి. మూడు చేపలూ ఆ అంకెల మీద నుంచి అటూ ఇటూ తిరుగుతున్నాయి.

నెలలో రెండో ఆదివారం గురుకులంలో పిల్లలను చూడనిస్తారు. నలుగురూ చేవెళ్ల వెళ్లారు. రేకుల షెడ్డు కింద చాప పరిచి కూర్చున్నారు. మనోజ్ఞ పరుగెత్తుకొచ్చి నానమ్మ ఒడిలో పడింది. ముందు తనే చెప్తానని అంతమ్మ దారి పొడుగునా అంటూనే ఉంది. మరిచిపోతానేమోనని కోడలి చేత చీటీ రాయించుకుని చెంగుకు కట్టుకుంది. ముడి విప్పి చీటీ చూసుకుంది.

"బిడ్డా, మూడు చేపలు సచ్చిపోయినయ్. నా చేతులనే. ఏసింది మర్శిపోయి మల్ల మల్ల ఏసిన. నాకు మర్పు జబ్బు వచ్చింది."

మనోజ్ఞ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎర్రటోపీది కూడా పోయిందా అని అడిగింది. పోయిందని అంతమ్మ తలూపింది. పిల్ల కాసేపు నానమ్మ చేతి గాజులు తిప్పుతూ కూర్చుంది. తర్వాత చిన్నగా అంది.

"నన్ను గూడ మర్చిపోతవా నానమ్మా?"

గోవర్ధన్ ముఖం తిప్పుకున్నాడు.

"ఏమో బిడ్డా," అంది అంతమ్మ. అబద్ధం చెప్పాలనిపించలేదు ఆమెకు. "ఒకవేళ మర్శిపోతే కోపం చెయ్యకు. నేను మనోజ్ఞను అని చెప్పు."

"చెప్త. ఎన్నిసార్లన్న చెప్త," అని పిల్ల ఆమె మెడ చుట్టూ చేతులు వేసింది.

తెచ్చిన డబ్బా విప్పి అంతమ్మ మనవరాలికి బువ్వ కలిపి ముద్దలు పెట్టింది. పప్పన్నం, నెయ్యి, మామిడి తొక్కు. పిల్ల కడుపునిండా తిని, చేయి కడుక్కుని, బడి ముచ్చట్లు చెప్పసాగింది. చెప్తుండగానే అంతమ్మ చేయి మళ్లీ డబ్బా మూత మీదికి వెళ్లింది.

"ఆకలైతున్నదా బిడ్డా? బువ్వ తిన్నవా?"

ప్రవళిక కలగజేసుకోబోయింది. అంతలో మనోజ్ఞ తన ముచ్చట ఆపి, నానమ్మ చేయిని డబ్బా మీద నుంచి తీసి తన రెండు చేతుల మధ్య పెట్టుకుంది.

"తిన్న నానమ్మా," అంది విసుగు లేకుండా. "ఇప్పుడే, నువ్వే తినిపించినవ్."

"నేనేనా?" అంది అంతమ్మ. ఆమె ముఖం వెలిగింది. "అయితే మంచిది."